ఒంటికి పట్టని ఇనుము

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో నాకో లేడీస్ హాస్టల్ ఉంది. నాలుగంతస్తులు, లిఫ్టు లేదు, నలభైమంది అమ్మాయిలు. గుంటూరు నుంచీ, ఖమ్మం నుంచీ, శ్రీకాకుళం నుంచీ వచ్చి, మూడు నెలలో ఆరు నెలలో ఉండి ఏదో ఒక కోర్సు నేర్చుకుని పోతారు. ఆ కొన్నాళ్ళూ వాళ్ళ తిండి నా పూచీ. అందుకే ఒక పద్ధతి పెట్టాను. తిన్నాక కంచం కడిగే ముందు తెచ్చి నాకు చూపించాలి. కూర వదిలేస్తే ఎందుకు వదిలేశావని అడుగుతాను. జవాబు నాకు నచ్చకపోతే మళ్ళీ కూర్చోబెడతాను. నా నోటికి జడిసి తింటారు. కోర్సు అయిపోయి వెళ్ళేటప్పుడు వాళ్ళ అమ్మలు వచ్చి, మా పిల్ల ఒళ్ళు చేసింది వదినగారూ అని నా చేతులు పట్టుకుంటారు. ఆ మాటకి నేను పొంగిపోయేదాన్ని, దాచుకోవడం దేనికి.

అలాంటిదాన్ని, నా కడుపున పుట్టిన పిల్లకే ఒంట్లో రక్తం లేదు.

ఒక్కతే కూతురు. నేనూ మా ఆయనా ఇద్దరం చామనఛాయ. పిల్ల మాత్రం పాలుగారేంత తెల్లగా పుట్టింది. మా చుట్టాలంతా, ఎవరి పోలికే ఇది, దొరసానిలా ఉంది అని మురిసిపోయారు. నేనింకా ఎక్కువ మురిశాను. అరికాలికీ బుగ్గకీ దిష్టిచుక్క పెట్టి, సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసేదాన్ని. ఆ తెలుపు రంగు కాదు, రక్తం లేకపోవడం అని నాకు ఏ ఒక్కరూ చెప్పలేదు. పదిహేడేళ్ళపాటు దాని జబ్బుకి నేను దిష్టి తీశాను.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఒకరోజు కాలేజీకి వెళ్తూ మెట్రో స్టేషన్ మెట్ల మీద పడిపోయింది. ఎవరో పుణ్యాత్ములు నీళ్ళు చల్లి నాకు ఫోను చేశారు. శ్రీనగర్ కాలనీలో మాకు మొదటినుంచీ చూసే పెద్ద డాక్టరు గారున్నారు, అక్కడికి పట్టుకెళ్ళాను. ఆయన కింది రెప్ప లాగి చూశారు. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఎనిమిది. ఆడపిల్లకి పన్నెండు ఉండాలట. ఇంత తక్కువతో ఇన్నాళ్ళు ఎలా నడిచిందమ్మా ఈ పిల్ల అన్నారాయన. కడుపులో నులిపురుగులకి మందూ ఐరన్ టాబ్లెట్లూ రాసి, ఆకుకూరలూ బెల్లమూ బాగా పెట్టండి, మూడు నెలల్లో మామూలైపోతుంది అన్నారు. ఊళ్ళో పిల్లలందరికీ పెట్టేదాన్ని, సొంత పిల్లకి పెట్టుకోలేదన్నట్టు వినిపించింది నాకు. ఆయన అలా అనలేదు. నాకు అలా వినిపించింది.

ఇక చూడండి నా ప్రతాపం. మునగాకు పొడి, తోటకూర పులుసు, నువ్వులుండలు, రాగి జావ, ఖర్జూరాలు, పొద్దున్నే బీట్‌రూట్ రసం. అల్యూమినియం గిన్నెలు అటక మీద పడేసి కూరలన్నీ ఇనప మూకుట్లో చేయించాను. తోటకూర నల్లగా మారిపోయి హాస్టల్ అమ్మాయిలు ముక్కు విరిచారు. తింటే తినండి లేకపోతే మానండి అన్నాను, నా జన్మలో మొదటిసారి. కాఫీ తాగితే ఇనుము ఒంటికి పట్టదని ఎక్కడో విని ఇంట్లో కాఫీపొడి లేకుండా చేశాను. మా ఆయన పాపం లక్డీకాపూల్‌లో ఆఫీసు పక్క హోటల్లో తాగి, మూతి తుడుచుకుని వచ్చేవారు. టాబ్లెట్ పరగడుపున, నిమ్మరసంతో. దానికి కడుపులో వికారం, నోట్లో తుప్పు రుచి. ఓర్చుకో అనేదాన్ని.

మూడు నెలల తర్వాత ఆరు పాయింట్ తొమ్మిది.

డాక్టరు గారు కాగితం చూసి, కళ్ళజోడు తీసి, మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా అని అడిగారు. దాన్ని అడగలేదు, నన్ను అడిగారు. అది పక్కనే కూర్చుని, వేసుకుంటున్నాను అంకుల్ అంది. ఆయన తల ఊపారు కానీ నావైపే చూశారు. ఆ చూపు నాలో నాటుకుపోయింది. నా దగ్గర తినని పిల్లలు ఎన్ని వేషాలు వేస్తారో నాకు తెలుసు. రుమాల్లో చుట్టి కిటికీలోంచి విసిరేస్తారు, పక్కదాని కంచంలోకి తోసేస్తారు, కడుపునొప్పి అని మూలుగుతారు. పాతికేళ్ళుగా అవే చూస్తున్నాను. నా కూతురు మాత్రం ఆ ఈడుది కాదా అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఖాళీ మాత్రల అట్టలు దాచమన్నాను, వారానికోసారి చూసేదాన్ని. అట్టలు సరిగ్గానే ఖాళీ అయ్యేవి. మాత్ర తీసి సింకులో పారబోస్తే మాత్రం అట్ట ఖాళీ అవ్వదా, అనుకున్నాను. సిరప్ మార్చారు, మాత్ర రంగు మార్చారు. ఆరుకీ ఏడుకీ మధ్యే తిరిగింది. తలసేమియా ఏమో అని ఒక పరీక్ష చేయించారు, కాదని వచ్చింది. కడుపులో పుండు ఉందేమో అని గొట్టం వేసి చూశారు, అదీ లేదు. పరీక్ష ఏదీ తప్పు చూపించని కొద్దీ తప్పు దానిదే అని నాకు గట్టిపడింది. నెలసరి ఎక్కువవుతోందా అని అడిగాను, మామూలే అంది. నమ్మక, చెత్తబుట్ట చూశాను. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు వెయ్యలేదు.

మా హాస్టల్లో వంట చేసే ఆవిడ నల్గొండ వైపు మనిషి. వాళ్ళ వైపు మేక రక్తాన్ని ఉల్లిపాయలతో వేపుడు చేస్తారు, నల్ల అంటారు. గా నల్ల నాలుగు ఆదివారాలు తింటే మస్తు రక్తం పడుతదని చెప్పింది. మేము మాంసం తినేవాళ్ళమే కానీ అది మా ఇంట ఎప్పుడూ వండలేదు. అయినా వండించాను. పిల్ల రెండు ముద్దలు తిని బాత్రూంలోకి పరిగెత్తింది. కక్కుకుని వచ్చి కళ్ళనిండా నీళ్ళతో నిలబడితే, మూతి కడుక్కుని కూర్చో, ఇంకా ఉంది అన్నాను. కూర్చుంది. తింది. ఆ పిల్ల ఎప్పుడూ ఎదురు తిరగలేదు, అదే నాకు మరీ అనుమానం.

ఇంకో సంగతి. సామాన్ల గదిలో సోనా మసూరి బస్తాలు ఉంటాయి. ఒకరోజు లోపలికి వెళ్తే, అది బస్తా వెనక కూర్చుని పచ్చి బియ్యం నములుతోంది. ఒళ్ళో గుప్పెడు. నన్ను చూసి దొంగలా లేచి నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బియ్యం తింటే రక్తం విరిగి నీళ్ళవుతుందని మా అమ్మ చెప్పేది, మా పెద్దలందరూ అనేవాళ్ళు. ఇదిగో, దొంగ దొరికింది అనుకున్నాను. నేను పొద్దున్నించి సాయంత్రం దాకా ఎక్కిస్తున్న రక్తమంతా ఈ బియ్యం విరిచేస్తోంది! ఆ గదికి తాళం వేశాను. వంటావిడ పూటపూటకీ నా దగ్గరకి వచ్చి తాళంచెవి అడిగి బియ్యం కొలుచుకుని వెళ్ళేది. నిజానికి ఇనుము చాలని ఒంటికే అలా బియ్యం మీదికీ, ఐసు ముక్కల మీదికీ, సుద్ద మీదికీ మనసు పోతుందట. బియ్యం వల్ల రక్తం తగ్గడం కాదు, రక్తం తగ్గి బియ్యం తింటోంది. ఒళ్ళు నోరు తెరిచి చెప్తుంటే నేను తాళం వేశాను.

అదే నెలలో మా అమ్మాయిలు చదివే ఒక సెంటర్లో రక్తదాన శిబిరం పెట్టారు. పదిహేను మంది వెళ్ళి వచ్చి, ఒక్కొక్కరూ తమ హిమోగ్లోబిన్ ఎంతో నాకు చెప్పారు. పన్నెండున్నర, పదమూడు. ఒక పిల్లకి నాలుగు నెలల కింద పది ఉండేదట, ఇప్పుడు పన్నెండు దాటిందట. అంతా మీ నల్ల తోటకూర పుణ్యమే ఆంటీ అని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత వంటగదిలోకి వెళ్ళి గ్యాసు బండ పట్టుకుని ఏడ్చాను. అదే మూకుడు, అదే గరిటె, అదే కూర. ఎవరి పిల్లలకో ఎక్కుతోంది, నా పిల్లకి ఎక్కట్లేదు.

అప్పటికి అది డిగ్రీ మూడో సంవత్సరం. హాస్టల్ మేడలోనే మూడో అంతస్తులో మా ఇల్లు. మెట్లెక్కుతూ రెండు చోట్ల ఆగేది. తల దువ్వుకోవడానికి చెయ్యెత్తితే గుండె దడ. గోళ్ళు చెంచాల్లా గుంటలు పడ్డాయి. నేను చూస్తానని గోళ్ళరంగు వేసుకోవడం మొదలుపెట్టింది. రాత్రి దాని మంచం పక్కన కూర్చుని ఊపిరి వింటూ ఉండేదాన్ని. ఇలాగే ఒకరోజు ఆగిపోతుందని భయం. ఆ భయం పగలంతా కోపంగా మారి దాని మీదే పడేది. ఇంత చేస్తున్నా నన్ను చంపడానికే ఇది మందు మింగట్లేదు అని నాలో నేను గొణుక్కునేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. ఆరు పాయింట్ రెండు. తగ్గింది. ఇంకా తగ్గితే రక్తం ఎక్కించాల్సిందే అని డాక్టరు గారు ఫోన్లో అన్నారు. కాగితం చేత్తో పట్టుకుని కిందికి దిగాను. భోజనాల హాల్లో అమ్మాయిలంతా తింటున్నారు, మధ్యలో ఇదీ తింటోంది. నేరుగా వెళ్ళి ఒక మాత్ర దాని చేతిలో పెట్టాను. అందరి ముందూ మింగు అన్నాను. మింగింది. నోరు తెరు అన్నాను. తెరిచింది. నాలుక ఎత్తు అన్నాను. ఎత్తింది. నలభైమంది చేతులు కంచాల్లో ఆగిపోయాయి. నేను అక్కడే నిలబడి, మందు పారేసుకుని అమ్మని ఊరంతా తిట్టించే పిల్లని మీరెవరూ కనకండి అని కూడా అన్నాను. అది అన్నం పూర్తిగా తిని, లేచి, అందరిలాగే ఖాళీ కంచం తెచ్చి నాకు చూపించి, కడగడానికి వెళ్ళింది.

అక్కడితో ఆగానా, లేదు. ఫార్మసీ చదివిన అమ్మాయి ఒకతి, ఐరన్ వేసుకునేవాళ్ళకి విరేచనం నల్లగా అవుతుంది ఆంటీ, దాన్నిబట్టి తెలిసిపోతుంది అని నాకు చెప్పింది. నన్ను చల్లబరచడానికే చెప్పింది పాపం. మర్నాడు పొద్దున్న మా పిల్ల బాత్రూంలోకి వెళ్తుంటే, నీళ్ళు పొయ్యకు, నేను చూడాలి అన్నాను. అది నావైపు చాలాసేపు చూసింది. ఇరవయ్యేళ్ళ పిల్ల. తర్వాత తలుపు తీసి పక్కకి జరిగి గోడవైపు తిరిగి నిలబడింది. నేను లోపలికి వెళ్ళి చూశాను. నల్లగా ఉంది. నిన్న నేను మింగించింది కదా, అందుకే అనుకున్నాను. రేపు కూడా పొయ్యకు అన్నాను. మూడు రోజులు అలా చూశాను. మూడు రోజులూ నల్లగానే ఉంది.

మూడో రోజు వంటావిడ తాళంచెవి కోసం పైకి వచ్చింది. పిల్ల గోడవైపు తిరిగి నిలబడటం, నేను బాత్రూంలోంచి రావడం కళ్ళారా చూసింది. పదేళ్ళుగా నా దగ్గర పనిచేస్తోంది, ఎన్నడూ నాకు ఎదురు మాట్లాడలేదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి నెమ్మదిగా చెప్పింది.

“అమ్మా, కోపం చేయకుండ్రి. పొల్ల మందు మింగుతనే ఉన్నది. దినాం పొద్దుగాల్ల నా ముంగటనే మింగుతది. మీరు సూసిననాడు సుత మింగింది, సూడనినాడు సుత మింగింది. గది ఆమె ఒంటికి వడ్తలేదు, గంతే. జర ఇంకో పెద్ద డాక్టర్ తాన్కి తీస్కపోండ్రి.”

ఒకవేళ ఈవిడ చెప్పేది నిజమైతే, అనుకోవడానికే భయం వేసింది. పిల్ల దొంగ అయితే దారి ఉంది, ఎలాగోలా మింగించవచ్చు. పిల్ల నిజం చెప్తుంటే నా చేతిలో ఇంకేం ఉంది? ఏమీ లేదు. మా ఆయన్ని ఆఫీసుకి సెలవు పెట్టించి, ముగ్గురం పంజాగుట్టలో రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళాం.

ఆవిడ మూడేళ్ళ కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశారు. తర్వాత నాతో మాట్లాడకుండా పిల్లతో మాట్లాడారు. నువ్వు మందు వేసుకుంటున్నావా అని అడిగారు. వేసుకుంటున్నాను అంది. సరే, అయితే ఎందుకు పనిచేయట్లేదో చూద్దాం అన్నారు. అంతే. ఒక్క క్షణం కూడా నావైపు చూడలేదు. మూడేళ్ళలో దాని మాట విని ‘సరే’ అన్న మొదటి మనిషి ఆవిడ.

మర్నాడు పరగడుపున రమ్మన్నారు. ముందు రక్తం తీశారు. నర్సు మా ముందే ఐరన్ మాత్రలు ఇచ్చి నీళ్ళు తాగించింది. రెండు గంటలు అక్కడే కూర్చోబెట్టి మళ్ళీ రక్తం తీశారు. ఆ రెండు గంటలూ నేను దాని పక్కనే కూర్చున్నాను. అది ఎక్కడికీ లేవలేదు, ఏదీ ఉమ్మలేదు. మామూలు మనిషికైతే, అందులోనూ ఇంత కరువులో ఉన్న ఒంటికైతే, రెండో రక్తంలో ఇనుము బాగా పెరిగి కనిపించాలట. సాయంత్రం డాక్టరమ్మ రెండు అంకెలూ పక్కపక్కన చూపించారు. ఇంచుమించు ఒకటే.

“చూశారుగా అమ్మా, మీ కళ్ళముందే మింగింది. రక్తంలోకి మాత్రం వెళ్ళలేదు. ఈ మూడేళ్ళూ జరిగింది ఇదే” అన్నారు.

బయటికి వచ్చి ఆటో ఎక్కాం. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పిల్ల రోడ్డు వైపు చూస్తూ, నేను చెప్తూనే ఉన్నాను కదమ్మా అంది. గొంతులో కోపం లేదు. ఏదైనా మంచి మాట అనాల్సింది. అక్కడికక్కడ దాన్ని దగ్గరకి తీసుకోవాల్సింది. అందరికీ పట్టేది నీకు పట్టదని నేనేమైనా కలగన్నానా అని కసిరాను. సిగ్గు ముంచుకొస్తే నాకు కోపమే వస్తుంది, ఏం ఖర్మో. మా ఆయన అమీర్‌పేట వచ్చేదాకా దాని చెయ్యి పట్టుకునే కూర్చున్నారు.

తర్వాత ముగ్గురి రక్తాలూ జన్యు పరీక్షకి పంపారు. వారాలు పట్టింది. కాగితం వచ్చాక డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పారు. మన కాలేయం నుంచి ఒక కాపలా పదార్థం వస్తుందట. ఒంట్లో ఇనుము సరిపడా ఉంటే అది పేగుల్లో తలుపులు వేసేస్తుంది, ఇక లోపలికి రానివ్వదు. ఇనుము తగ్గినప్పుడు ఆ కాపలాని పక్కకి తప్పుకోమని చెప్పే జన్యువు ఒకటి ఉంటుంది. మా పిల్లలో ఆ జన్యువు పనిచేయదు. దాని ఒంట్లో ఇనుము అడుగంటినా కాపలా తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. నేను పెట్టిన మునగాకూ, ఖర్జూరమూ, మేక రక్తమూ అన్నీ ఆ తలుపు దాకా వెళ్ళి తిరిగి వచ్చేశాయి. నల్ల విరేచనం సంగతి అడిగాను. అందరిలోనూ కొంత అలాగే పోతుందట, మా పిల్లకి దాదాపు అంతా పోతోంది. ఒంట్లో కాస్తో కూస్తో దాచుకున్నది కూడా ఆ కాపలా బయటికి తియ్యనివ్వదట.

రక్తకణాల బొమ్మ కంప్యూటర్లో చూపించారు. మామూలు కణాలు నిండుగా, ఎర్రగా ఉన్నాయి. మా పిల్లవి చిన్నవి, మధ్యలో బోలు. నాకు అర్థం కావడానికి ఇంకేం చెప్పక్కర్లేదు. పిండి అయిపోవచ్చినప్పుడు ఇంకా పదిమంది మిగిలితే దోసెలు ఎలా పోస్తామో అలా పోసుకుంటోంది దాని ఒళ్ళు, పల్చగా, చిన్నవిగా. పుట్టినప్పటి నుంచీ అలా పోసుకుంటూనే ఉంది.

ఈ జన్యువు ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుందట. రెండూ చెడ్డవైతేనే జబ్బు. మా ఇద్దరిలో చెరొకటీ ఉంది. మీది మేనరికమా అని అడిగారు డాక్టరమ్మ. అవును. మా ఆయన మా అమ్మకి స్వయానా తమ్ముడు. ఇప్పటికీ నేను మావయ్యా అనే పిలుస్తాను. ఆయన వద్దనే అన్నారు అప్పట్లో, నేను ఎత్తుకు తిప్పిన పిల్ల అని. నేనే మంకుపట్టు పట్టాను. బయటి సంబంధం తెస్తే నూతిలో దూకుతానన్నాను. మా అమ్మమ్మా తాతయ్యలది కూడా మేనరికమే. వాళ్ళ పిల్లల్లో ఎవరైనా పాలిపోయి ఉండేవారా అని అడిగితే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. అమ్మకి అక్క. తెల్లగా ఉండేది. బావి దగ్గర నుంచి బిందె తెస్తూ మూడుసార్లు దించేది. ఒళ్ళు బద్ధకం మనిషి అని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం, నేనూ నవ్వాను. పురుట్లో పోయింది. నా పక్క కుర్చీలో మావయ్య తల దించుకుని కూర్చున్నారు. ఆవిడ ఆయనకీ అక్కే.

నోటితో ఎక్కదు కాబట్టి సెలైన్‌లా నరంలోకి ఇనుము ఎక్కిస్తామన్నారు. బెల్లం పాకం రంగులో ఉంటుంది. మొదటిసారి ఎక్కిస్తుంటే చుక్క చుక్కా చూస్తూ కూర్చున్నాను. ఎనిమిది పాయింట్ ఎనిమిదికి వచ్చింది. ఆ రోజు హాస్టల్లో సేమ్యా పాయసం చేయించాను. నెల తర్వాత తొమ్మిది. ఆపైన కదల్లేదు. ఈ జబ్బులో ఇలా కూడా పూర్తిగా పెరగదమ్మా, ఎక్కించింది కూడా ఆ కాపలా కొంత పట్టేసుకుంటుంది, మళ్ళీ తగ్గుతుంది, మళ్ళీ ఎక్కించాలి అన్నారు. ఎన్నాళ్ళు అని అడిగాను. ఆవిడ పిల్ల భుజం మీద చెయ్యి వేశారు.

రెండోసారి ఎక్కించేటప్పుడు నర్సు బయటికి వెళ్ళాక మేమిద్దరమే ఉన్నాం. ఇప్పుడైనా చెప్పాలని మొదలుపెట్టాను. అమ్మలూ, నీకు నేను చాలా అన్యాయం చేశాను అన్నాను. ఇంకా ఏదో అనబోతుంటే అది చెయ్యి అడ్డం పెట్టింది.

“వచ్చేసారి నుంచి నేనొక్కదాన్నే వస్తానమ్మా. రిపోర్టు నీకు చూపించను. నంబరు ఎంతని నన్నడక్కు. ఎలా ఉన్నావని అడుగు, చెప్తాను. నేనేం చెప్తే అదే.”

అదేంటే, నాకు తెలియకపోతే ఎలా అన్నాను. నంబరు నీకు తెలిసిన మూడేళ్ళూ నేనేం చెప్పినా నువ్వు వినలేదు కదా అంది. అంత మెల్లగా అంది. పాతికేళ్ళుగా నోరేసుకుని బతికినదాన్ని, సరే అన్నాను.

అప్పటి నుంచి ఒక్కతే వెళ్తోంది. రిపోర్టులు దాని ఫోన్లో ఉంటాయి. ఆ ఫోను బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్తుంది, నేను ముట్టుకోను. ఒకసారి చెయ్యి దాకా వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. డాక్టరమ్మకి ఫోను చేసి అడిగితే చెప్తారేమో. చెయ్యలేదు. నంబరు తెలియకుండా బతకడం ఎలాగో నాకు చేతకావడం లేదు. దాని మొహం చూస్తాను, పెదాలకి రంగుంటుంది. గోళ్ళు చూస్తాను, వాటికీ రంగే.

మొన్న మధ్యాహ్నం మళ్ళీ పంజాగుట్ట వెళ్ళి వచ్చింది. నేను భోజనాల హాల్లో వడ్డిస్తున్నాను. గుమ్మం ముందు నుంచి వెళ్తూ చెయ్యి ఊపి మెట్లెక్కింది. నా చెవి అటే ఉంది. మొదటి అంతస్తు దాటింది. రెండో అంతస్తు మలుపులో అడుగులు ఆగిపోయాయి. కూర గిన్నె అక్కడే పెట్టేసి మెట్ల దగ్గరకి పరిగెత్తాను. ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి, తల పైకెత్తి, ఎలా ఉన్నావమ్మా అని అడిగాను. దాని ఊపిరి నాకు కింద దాకా వినిపిస్తోంది.

“బావున్నానమ్మా” అంది.

ఆ ఒక్క మాట అనడానికి మధ్యలో ఆగింది. పరిగెత్తి వెళ్ళి పట్టుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. సరేనమ్మా అన్నాను. పైన అడుగులు మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ నేను అక్కడే నిలబడ్డాను, పైకి వెళ్ళలేదు.